దయ్యము – దైవము: మన పల్లెల భయచరిత్ర

దయ్యము అను మాట చెవినిబడగానే మనకు ఊరిబయటి చింతచెట్టు, వల్లకాడు, అమావాస్య రాత్రి తలపునకు వచ్చును. ఈ మాట పుట్టుక మాత్రము అంత భయంకరమైనది కాదు. సంస్కృతమున దైవము అను శబ్దమే తెలుగునోట తద్భవమై దయ్యమైనది. ప్రాచీన కవుల ప్రయోగములలో దయ్యమనగా వేలుపు. మ్రొక్కదగినదియు దయ్యమే, వరమిచ్చునదియు దయ్యమే. కాలక్రమమున దైవమను తత్సమరూపము గుడిలోనికి బోయినది; దయ్యమను తద్భవరూపము వల్లకాటికి వెడలగొట్టబడినది. ఒక్కతల్లి బిడ్డలిద్దఱిలో ఒకరికి సింహాసనమును, ఒకరికి వనవాసమును లభించిన తీరున నున్నది ఈ కథ.

నేను దర్శి ప్రాంతపు పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైబడి తెలుగు చెప్పిన భాషాప్రవీణుడను. మంత్రశాస్త్రము నాకు రాదు, భూతవైద్యమును నేనెఱుగను. నాకు తెలిసినది మాటల చరిత్ర. ఒక జాతి దేనికి భయపడినదో, ఎప్పుడు భయపడినదో, ఎవరిని జూచి భయపడినదో మాటలు చెప్పును. నేటి ప్రసంగమున ఆ జాడ పట్టుకొని మన దయ్యముల చరిత్రను, చేతబడి చరిత్రను కొంత విన్నవింతును. అవసరమగు చోట సముద్రమునకు ఆవల నున్న ఫిలిప్పీను ద్వీపములవారి కథలతో పోల్చిచూతము.

మన భాషలో దయ్యమునకు పర్యాయపదములు కొల్లలు. సోకు అను పాతమాటకు రాక్షసుడని అర్థము. సోకుట యనగా తాకుట. గాలి సోకినది, ధూళి సోకినది అని నేటికిని పిల్లవానికి జ్వరము వచ్చినపుడు పెద్దలందురు. కనబడకయే తాకి బాధించునది సోకు. గ్రహము అనగా పట్టుకొనునది. పిశాచము అనగా పచ్చిమాంసము దినునది. కొఱవిదయ్యము చీకటిలో మండుచున్న కట్టెను చేతబట్టి తిరుగును. బ్రహ్మరాక్షసుడు చదువుకొని, ఆ చదువును దుర్వినియోగము చేసి చచ్చినవాడు. కామినీపిశాచము, శాకిని, ఢాకిని ఇత్యాదులు వేఱు. ఉత్తరదేశమున మంత్రగత్తెను డాయన్ అందురు. ఆ మాటయు డాకినీశబ్ద భవమే.

ఇంకొక విశేషము చూడుడు. అమ్మవారు పూనును, దయ్యము పట్టును. రెండింట లక్షణము లొక్కటే. జుట్టు విరబోసికొనుట, ఊగుట, గొంతు మాఱుట, పేరు పెట్టి పిలిచిన వారిని గద్దించుట. పూనకము వచ్చిన ఆడుదాని కాళ్లకు నీళ్లుపోసి పసుపు రాతురు. దయ్యము పట్టినదానిని వేపమండలతో కొట్టుదురు. నిజమున లక్షణములో భేదము లేదు. ఊరు ఆమెకిచ్చిన పేరులోనే భేదమున్నది. ఏ పేరు పెట్టవలెనో నిర్ణయించు అధికారము ఎవరిచేతిలో నున్నదన్నదే చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్న.

దయ్యము కథలు మనకు ఎంత ప్రాచీనములో చెప్పుటకు గుణాఢ్యుని బృహత్కథయే చాలును. శాతవాహనుల కొలువున నుండెనని ప్రసిద్ధిగాంచిన ఈ కవి తన గ్రంథమును పైశాచీభాషలో రచించెనని ఐతిహ్యము. మూలము నశించినది. 11వ శతాబ్దిలో కాశ్మీరదేశపు సోమదేవుడు దానిని కథాసరిత్సాగరమను పేర సంస్కృతమున సంగ్రహించెను. అందలి బేతాళకథలే పిదప దేశమంతట వ్యాపించినవి. 15వ శతాబ్దిలో కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో విక్రమార్కుని కథలను తెనిగించెను. 1947 జూలైలో మొదలైన చందమామ పత్రిక బేతాళుని పిల్లలకు చిరపరిచితుని జేసినది. శవమును భుజమున వేసికొని నడచుచున్న రాజు, ఆ శవములోని బేతాళుడు ప్రశ్న వేయుట, రాజు జవాబు చెప్పుట, బేతాళుడు మరల చెట్టెక్కుట ఎఱుగని తెలుగుపిల్లలు ఆ తరములలో అరుదు. ఇచ్చట గమనింపదగిన దేమన, ఈ దయ్యము భయపెట్టదు, తర్కము నేర్పును.

ఇక భయపెట్టు దయ్యములను విచారింతము. మా దర్శికి ఉత్తరముగా పల్నాటిసీమ దాటినచో నాగార్జునకొండ లోయ యున్నది. ఇక్ష్వాకు రాజులు 3, 4 శతాబ్దులలో అచ్చటి విజయపురిని ఏలిరి. 1926లో ఆ శిథిలములు బయల్పడినవి. పిమ్మట జరిగిన త్రవ్వకములలో బౌద్ధవిహారములతో పాటు హారీతీదేవి ఆలయమును వెలువడినది. హారీతి యెవరు? బౌద్ధకథలలో ఆమె యక్షిణి. ఆమెకు ఐదువందల బిడ్డలు. తన బిడ్డలను పోషించుకొనుటకు ఊరివారి బిడ్డలను ఎత్తుకొనిపోయి భక్షించెడిది. తల్లులు బుద్ధునితో మొఱపెట్టుకొనిరి. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర క్రింద దాచెను. హారీతి లోకమెల్ల వెదకి, ఏడ్చి, చివరకు ఆయన చెంతకే వచ్చెను. ఐదువందలలో ఒక్కడు పోయినందుకు నీకింత దుఃఖమైనచో, ఒక్కరో ఇద్దఱో బిడ్డలున్న తల్లి మాట యేమని బుద్ధుడు ప్రశ్నించెనట. ఆనాటినుండి ఆమె శిశుభక్షణము మాని శిశురక్షకురాలైనది. విహారములలో ఆమెకు నిత్యము అన్నము పెట్టుటకు భిక్షువులు మాట యిచ్చిరి.

ఈ కథలోని సత్యము చిన్నది కాదు. పసిబిడ్డలు పుట్టినవారు పుట్టినట్లు చచ్చిపోవు కాలమది. ఆ చావునకు కారణము తెలియదు. కారణమునకు ఒక ముఖము కావలెను. ఆ ముఖమే హారీతి. వైద్యశాస్త్రము సైతము ఆనాడు అదే మార్గమున ఆలోచించెను. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున తొమ్మిది బాలగ్రహములు చెప్పబడినవి. స్కందుడు, స్కందాపస్మారము, శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక, నైగమేషుడు అనునవి వాని పేర్లు. శకుని అనగా పక్షి. మన పల్లెలలో పసిబిడ్డ చిక్కిపోయి, విరేచనములతో బాధపడుచు, మెడ వ్రేలవేసినపుడు పక్షిదోషము అందురు. సాయంవేళ ఎగిరిన పక్షినీడ పడినదని తాయెత్తు కట్టింతురు. రెండువేల యేండ్ల నాటి వైద్యగ్రంథము మాటయు, మా వీధిలోని అవ్వ మాటయు ఒక్కటే. అవ్వ ఆ గ్రంథము చదువలేదు. ఇరువురును చూచినది మాత్రము ఒక్కటియే: నీరు ఇంకిపోయి కండ్లు లోతుకుపోయిన పసికందు.

ఇపుడు ఫిలిప్పీనులకు పోదము. అచ్చట మననంగ్గల్ అను రాక్షసి యున్నది. తంగ్గల్ అనగా వారి భాషలో విడదీయుట. పగటిపూట ఆమె అందఱివంటి ఆడుది. రాత్రివేళ నడుము దగ్గఱ రెండుగా విడిపోయి, పైసగము రెక్కలతో ఎగిరి, గర్భిణుల ఇంటికప్పుపై వ్రాలి, దారమువంటి పొడవైన నాలుకను క్రిందికి దించి గర్భస్థశిశువును పీల్చివేయునట. ఆమె లేనపుడు విడిచిపోయిన క్రిందిసగముపై ఉప్పు, వెల్లుల్లి చల్లినచో మరల అతుకుకొనలేక సూర్యోదయమునకు నశించునట. వారి అస్వాంగ్ అను దయ్యపు తెగలో ఇది యొకటి. చెట్టుమీద కూర్చుండి పెద్దచుట్ట కాల్చు కప్రె, గుఱ్ఱపు తల గల తిక్బలాంగ్, పురిటిలో చనిపోయిన బిడ్డలు మాఱిన తియానక్ మున్నగునవి వేఱు. పక్షి, గర్భిణి, పసిబిడ్డ, రాత్రి. వేల మైళ్ల దూరమున నున్నను భయము పట్టుకొన్నచోటు ఒక్కటే. ఎచ్చట ప్రసవము ప్రాణసంకటమో, అచ్చట ఈ రాక్షసి పుట్టుచున్నది.

పోలిక యింతటితో ఆగదు. ఫిలిప్పీనువారు కొండలలో, చెట్లలో నివసించు మంచి వేల్పులను దివత అందురు. అది మన దేవతాశబ్దమే. శాలివాహనశకము 822, అనగా క్రీ.శ. 900 నాటి తామ్రశాసనమొకటి ఆ దేశపు లగూనా ప్రాంతమున దొరకినది. అందు సంస్కృతపదములు అనేకములు కలవు. మన మాటలు ఓడలెక్కి అంతదూరము పోయినవి. మనదేశమున దైవము దయ్యముగా దిగజాఱినది. అచ్చట దేవత దివతయై నిలిచినది. కాని అచ్చటను ఒక పతనము జరిగినది. స్పానియార్డులు రాకపూర్వము బబైలాన్ అను పూజారిణులు ఆ ద్వీపములలో రోగములకు మందులిచ్చుచు, పంటలకు శాంతులు చేయుచు, ఊరి పెద్దలతో సమానముగ గౌరవింపబడిరి. 1589లో హువాన్ ద ప్లాసెన్సియా అను ఫ్రాన్సిస్కను సన్న్యాసి తగలోగు ప్రజల ఆచారములను గూర్చి వ్రాయుచు ఇట్టివారినెల్ల సైతాను పూజారులుగా లెక్కించెను. మంత్రగత్తె, అస్వాంగ్, శరీరమును విడదీయునది అన్నియు ఒక్క పట్టికలోనికి చేరినవి. నిన్నటి వైద్యురాలు నేటి మంత్రగత్తె యైనది.

మన తెలుగున ఈ విషయమునకు చక్కని సాక్ష్యమొక మాటలో నున్నది. పురుడుపోయు స్త్రీని మనము మంత్రసాని అందుము. మంత్రమెఱిగిన సాని యని అర్థము. ఆమెయే చేయి మంచిదైనపుడు మంత్రసాని. బిడ్డ దక్కనపుడు మంత్రగత్తె. తఱచు ఆమె పేద యింటిది, వితంతువు, ఊరిచివర గుడిసెలో నుండునది. పిలిచినంతనే ప్రతి యింటి పడకటింటిలోనికి పోవలసినది ఆమె. పని ముగిసినంతనే బయటికి పోవలసినదియు ఆమెయే. ఇంతటి అక్కఱయు, ఇంతటి అనుమానమును ఒక్కమనిషిపై మోపుట న్యాయమా?

గ్రామదేవతల విషయమున కూడ ఇదే చిక్కు కలదు. మశూచి వచ్చినచో పోలేరమ్మ అలిగినదని, అమ్మవారు పోసినదని అనెడివారు. జాతర రాత్రి రక్తముతో కలిపిన అన్నమును పొలిమేర చుట్టును చల్లుట పొలి చల్లుట. పొలి యనగా బలి. పొలిమేరకు ఆవల నున్నది భయము, ఈవల నున్నది ఊరు అని గిరిగీచుటయే దాని పరమార్థము. అమెరికను బాప్తిస్టు మిషనువాడైన విల్బర్ థియొడోర్ ఎల్మోరు తెలుగుపల్లెలలో తిరిగి ఈ కొలుపులను చూచి 1915లో ఒక గ్రంథము ప్రకటించెను. అన్యాయముగ, అకాలముగ చనిపోయిన స్త్రీలే అనేకచోట్ల దేవతలైరని ఆయన గుర్తించెను. మనకిది క్రొత్త సంగతి కాదు. ఊరూర పేరంటాలమ్మ గుడులున్నవి. 12వ శతాబ్దపు పల్నాటియుద్ధమున కూలిన వీరులకు కారెంపూడిలో నాగులేటి యొడ్డున నేటికిని కార్తికమాసమున ఉత్సవము జరుగుచున్నది. కొలిచినచో వేల్పు, మఱచినచో దయ్యము. చచ్చినవారికి మనము తీర్చవలసిన ఋణమే మనలను రాత్రివేళ వెంటాడుచున్నదని నా నమ్మకము.

మశూచి కథ యేమైనది? టీకాలు వేసిరి. 1975 తరువాత మనదేశమున ఆ వ్యాధి కనబడలేదు. 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ సభ లోకమంతట అది నశించినదని ప్రకటించెను. పోలేరమ్మ గుడి మాత్రము పోలేదు, పోవలసిన పనియు లేదు. తల్లి నిలిచినది, తల్లి పేరుమీద నున్న చావు తొలగినది. ఇట్టి తొలగింపే నాగరికత.

మన ఆచారములు అనాదియని భావించువారికి ఒక్క ఉదాహరణము. మాది మిరపపండు సీమ. పిల్లవానికి దిష్టి తగిలినదని ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు చేతబట్టి మూడుమాఱులు త్రిప్పి నిప్పులలో వేయుదురు. కోరు రానిచో దిష్టి బలముగ నున్నదందురు. ఇది వేదకాలపు ఆచారమని నాతో వాదించినవారు కలరు. కాని మిరప అమెరికాఖండపు మొక్క. 1498లో వాస్కోడగామా వచ్చిన పిమ్మట పోర్చుగీసువారి ఓడలలోనే అది మనదేశమునకు చేరినది. దానికి ముందు మన కారము మిరియము; మిరప యను పేరు సైతము దాని పోలికతో వచ్చినదే. కనుక మిరపకాయలతో దిష్టితీయుట ఐదువందల యేండ్లకు మించిన ఆచారము కాజాలదు. ఫిలిప్పీనులకును మిరప మెక్సికో దేశపు ఓడలలోనే పోయినది. అనాదియని మనమనుకొన్నది తాతముత్తాతల నాటి క్రొత్తసరకు. భయము పాతది, దాని సామగ్రి ఎప్పటికప్పుడు సంతలో దొరకినది. పత్తిచేలలో, మిరపతోటలలో సున్నపుబొట్లు పెట్టిన మసికుండను కొయ్యకు తగిలింతురే, అదియు ఇట్టిదే. చూపఱి కన్ను పైరుపై పడక కుండపై పడవలెనని దాని యూహ. దానివలన ఎవరికిని కీడు లేదు. అందుచే నేను దానితో పోట్లాడను.

నా పోట్లాట చేతబడితో. చేతబడి యనగా ఒకరు మనకు చేసినది. ఇచ్చట దయ్యము కాదు, పొరుగువాడు నేరస్థుడగుచున్నాడు. తెలంగాణమున దీనిని బాణామతి యందురు. గోదావరి మన్యమునను, ఉత్తరాంధ్రమునను చిల్లంగి యందురు. తల వెండ్రుకలు, గోళ్లు, కట్టుబట్ట పీలిక, పిండిబొమ్మ, సూదులు దీని ఉపకరణములు. ఫిలిప్పీనువారి కూలం అను ప్రయోగమునకును బొమ్మ, సూది ఇవే. మంత్రగాడు ఎప్పుడును పొరుగుదేశమువాడగుట మఱొక పోలిక. మనకు మళయాళ మంత్రము ఘనమైనది. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమున మాంత్రికుడు నేపాళమునుండి వచ్చెను. ఫిలిప్పీనువారికి సికిహోర్ ద్వీపము మంత్రగాండ్ర పుట్టిల్లు, కాపిస్ సీమ అస్వాంగుల నెలవు. దూరపుకొండలు నునుపన్నట్లే దూరపు మంత్రములు వాడియని లోకము తలచును.

మన పెద్దలు ఈ వ్యాపారమును చూచి నవ్వకపోలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమున బంగారము చేయుదునని మోసగించు బైరాగిని చిత్రించిరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూజారి గవరయ్య దయ్యమును సీసాలో బంధించి బిరడా బిగించును. ఆ ఘట్టమునకు సభ యెల్ల నవ్వును. గోరా యను పేరుగాంచిన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో ముదునూరున నెలకొల్పి, 1947లో విజయవాడకు మార్చిన నాస్తికకేంద్రమువారు పల్లెలకు పోయి, మంత్రగాండ్రు చేయు వింతలను తామే చేసిచూపి అందలి గుట్టు విప్పుచు వచ్చిరి. దేవుని విషయమున వారితో నాకు ఏకీభావము లేదు. ఈ విషయమున మాత్రము వారికి నమస్కరింతును.

ఇపుడు మా యూరి సంగతి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు నెల్లూరు జిల్లాలో నుండెను. ఆ మెట్టసీమలలో ఒక వింత రోగముండెడిది. పండ్లు గారపట్టి పసుపుపచ్చగా మాఱును. నడివయస్సు వచ్చునప్పటికి వెన్ను కొయ్యబాఱును, మెడ తిరుగదు, మోకాళ్లు ముడుచుకొనిపోవును. ఎడ్లు సైతము కాళ్లు బిగిసి నడువలేకపోయెడివి. ఒకే యింటిలో తండ్రికి, కొడుకునకు, ఎద్దునకు ఒకేతీరు జబ్బు వచ్చినచో పల్లెటూరివాడు ఏమనుకొనును? ఎవరో చేసినారను అనుమానమునకు ఇంతకంటె అనువైన జబ్బు వేఱొకటి లేదు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను మువ్వురు శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని పరిశోధించి, కారణము బావినీటిలోని ఫ్లోరైడు అను లవణమని ప్రకటించిరి. మనదేశమున ఈ వ్యాధిని గూర్చి శాస్త్రీయముగ వెలువడిన తొలిప్రకటన లలో అది మొదటిది. చేసినది ఏ పొరుగువాడును కాదు. మనము చేదుకొని త్రాగిన నీరు. పాఠశాలలో పిల్లల పలువరుసలు చూచినంతనే ఏ పల్లెనుండి వచ్చినవారో చెప్పగలిగిన దినములు నాకు గుర్తున్నవి.

ఫిలిప్పీనులలోను ఇట్టిదే జరిగినది. పనాయ్ ద్వీపమున, అందును కాపిస్ సీమలో, కొన్ని కుటుంబముల మగవారికి నడివయసులో శరీరము మెలితిరుగును, మెడ వంకరపోవును, నాలుక బయటికి వచ్చును, నోట చొంగ కాఱును. వారి భాషలో దానిని లుబాగ్ అందురు. 1976లో వైద్యులు ఈ వ్యాధిని గూర్చి ప్రకటించిరి; అది తల్లుల ద్వారమున కొడుకులకు సంక్రమించు వంశపారంపర్య వ్యాధి యని తేలినది. కాపిస్ సీమకు అస్వాంగుల నెలవని పేరు వచ్చుటకు ఈ రోగుల రూపమే కొంత కారణమై యుండునని కొందఱు వైద్యులు భావించిరి. రోగి రాక్షసుడుగా చూడబడెను. కరుణ చూపవలసినచోట లోకము ఉప్పును, వెల్లుల్లిని చేతబట్టుకొని నిలిచినది.

భయమును ఆయుధముగ వాడుకొన్నవారును కలరు. 1950 ప్రాంతమున ఆ దేశమున హుక్ అను రైతుతిరుగుబాటుదారులను అణచుటకు అమెరికను సేనాని ఎడ్వర్డు లాన్స్‌డేల్ సహకరించెను. తిరుగుబాటుదారుని ఒకని పట్టి, మెడకు రెండు గాట్లు పెట్టి, నెత్తురు కార్చి, అస్వాంగ్ చంపినదని వారు నమ్మునట్లు ఆ శవమును దారిలో పడవేయించిన వృత్తాంతమును ఆయనయే 1972లో వెలువరించిన స్వీయగ్రంథమున వ్రాసికొనెను. శవమును చూచినవారు కొండవిడిచి పోయిరట. దయ్యమును నమ్మని నాగరికుడు నమ్మువారిపై దానిని ప్రయోగించెను. ఇందులో పిశాచమెవరో శ్రోతలే నిర్ణయింతురు గాక.

శ్రోతలారా, ఇది యంతయు గతించిన కథ యనుకొనవలదు. 2019 సెప్టెంబరులో హైదరాబాదుకు చేరువనున్న శామీరుపేట మండలపు అద్రాసుపల్లి గ్రామమున, బాణామతి చేసెనను అనుమానముతో ఒక యువకుని, చనిపోయిన స్త్రీ చితిపైననే కాల్చివేసిరి. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రిని, ఆయన కుమారుల నిద్దఱిని అదే అనుమానముతో చంపిరి. 2023 జూనులో సంగారెడ్డి జిల్లాలోని కొల్కూరు గ్రామమున ఆలుమగలను చెట్టునకు వ్రేలాడగట్టి కొట్టిరి. మంత్రము పలుకకుండ పండ్లు ఊడగొట్టుట తెలంగాణపల్లెలలో పలుమాఱులు జరిగినది. జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలలో 2022వ సంవత్సరమున దేశమున మంత్రగత్తెయను, మంత్రగాడను నెపమున జరిగిన హత్యలు 85. ఇవి లెక్కకు ఎక్కినవి మాత్రమే.

ఇన్ని కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక క్రమము కనబడును. మొదట ఇంటిలో చావో, రోగమో, పంటనష్టమో కలుగును. కారణము తెలియదు. రెండవది, ఊరిలో ఎవరితోనో భూమిగట్టు తగవో, అప్పు తగవో, పాతకక్షయో ఉండును. మూడవది, సోది చెప్పువాడో, మంత్రవైద్యుడో పేరు చెప్పక గుఱుతు చెప్పును: తూర్పుదిక్కు, మూడవ యిల్లు, ఒంటరి మనిషి. నాలుగవది, ఊరివారి నోట ఆ గుఱుతునకు పేరు వచ్చును. ఈ నాలుగు మెట్లలో మొదటిదానిని వైద్యుడు, రెండవదానిని న్యాయస్థానము పరిష్కరింపవచ్చును. మూడవమెట్టు దగ్గఱనే ఆపవలెను. నాలుగవమెట్టు ఎక్కిన పిదప ఆపుట కష్టము. మన పెద్దలు అనుమానము పెనుభూతమనిరి. భూతవిద్యలో ఇంతకుమించిన సూత్రము లేదు.

శాసనములు లేకపోలేదు. బీహారు 1999లోను, ఝార్ఖండు 2001లోను, ఛత్తీస్‌గఢ్ 2005లోను, ఒడిశా 2013లోను ఇట్టి హింసకు ప్రత్యేక శాసనములు చేసినవి. మహారాష్ట్రమున ఇట్టి శాసనము కొఱకు పాటుపడిన నరేంద్ర దాభోల్కరుగారిని 2013 ఆగస్టు 20న పుణ్యపురిలో కాల్చి చంపిరి. ఆ యేడు డిసెంబరులో శాసనసభ ఆ బిల్లును ఆమోదించెను. కర్ణాటకము 2017లో చేసినది. శాసనము అవసరమే. కాని రాత్రి పది గంటలకు గుంపు చేరునపుడు శాసనము పుస్తకములో నుండును. గుంపు చెంత నుండువాడు ఊరి ఉపాధ్యాయుడు, సర్పంచి, ఆశా కార్యకర్త, పూజారి, పాస్టరు, ముల్లా. కావున నేను వారినే వేడుచున్నాను. బిడ్డకు విరేచనములైనచో ముందు ఉప్పు పంచదార కలిపిన నీరు పట్టించి ఆసుపత్రికి పంపుడు. తాయెత్తు పిమ్మట కట్టుకొన్నను కట్టుకొనవచ్చును. పశువు పడినచో పశువైద్యుని పిలువుడు. ఊరిలో ఒకే తీరు జబ్బు పలువురికి వచ్చినచో నీటిని పరీక్షింపజేయుడు. ఒంటరి స్త్రీ పేరు ఎవరినోటనైన వచ్చినచో ఆ క్షణమే పోలీసువారికి తెలుపుడు. ఆ రాత్రి ఆమె యింటి అరుగుమీద కూర్చుండుడు.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గఱ నాగార్జునసాగరపు పునాదిఱాయి వేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. హారీతి ఆలయమున్న లోయ ఆ నీటిలో మునిగినది. అందలి శిల్పములు, శిథిలములు కొన్ని ద్వీపముమీది ప్రదర్శనశాలకు చేరినవి. ఆ సాగరు నీరే కుడికాలువద్వారమున మా దర్శిసీమకు వచ్చి, ఎన్నో పల్లెలలో బావినీటి కీడును తగ్గించినది. ఆ కీడు ఇంకను పూర్తిగ తీఱలేదు. కాలువనీరు అందని పల్లెలు నేటికిని ఉన్నవి. ఆ పల్లెలకు మంచినీరు చేర్చుట కూడ భూతవైద్యమే యని నా మనవి. బిడ్డలను దిను యక్షిణిని బుద్ధుడు మంత్రముతో కట్టలేదు, వేపమండతో కొట్టలేదు. ఆమె దుఃఖమును ఆమెకు తెలియజేసి, ఆమెకు అన్నము పెట్టించెను. మన ఊరి భయములకును అదే చికిత్స.